గల్లీ దిక్కు దర్వాజ

మేడిపల్లి దాటినాక, కొత్త వెంచరు
12 ఆగస్టు 2012, ఆదివారం

మామగారికి కోడలు స్వరూప దండం పెట్టి రాస్తున్నది.

మేము క్షేమంగా చేరాము. సామాను ట్రాలీ బురదలో దిగబడితే మీ కొడుకు, డ్రైవరు కలిసి తోశారు. నేను వెనక సామాను మధ్య కూర్చుని ఒళ్లో అత్తమ్మ ఫోటో పట్టుకున్నాను. ఫోటోకు ఏమీ కాలేదు. కడవ ఒకటి పగిలింది.

ఈ ఉత్తరం నన్ను రాయమన్నది మీ కొడుకే. "ఫోన్ల నాయినతోని ఏం మాట్లాడాలె? బాగున్నవా అంటే బాగున్న అంటడు. ఆ జిరాక్స్ మిషిన్ల సప్పుడుకు అది గూడ ఇనపడది. నేను బడి ఎగ్గొట్టి గోలీలాడిన. నువ్వు అయిదు దాంక సదివినవు గద, నువ్వే రాయి" అన్నారు. చిక్కడపల్లిలో రెండేళ్లు ఒకే గదిలో ఉండి మీతో ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు కాగితం మీద ఇంత మాట్లాడుతున్నదేమిటి అని తప్పుగా అనుకోవద్దు. కోడలు మామతో ఎదురుపడి మాట్లాడకూడదని మా అమ్మ చెప్పింది. ఉత్తరం రాయకూడదని మాత్రం చెప్పలేదు.

మన జాగలో మీ కొడుకు రేకుల గది వేశారు. నేల మాత్రం మంచి టైల్స్. పనిచేసిన ఇళ్లలో మిగిలిన ముక్కలన్నీ తెచ్చి అతికించారు. ఒక్కోటి ఒక్కో రంగు. ఇక్కడ ఇళ్లకంటే హద్దురాళ్లే ఎక్కువ. సున్నం పూసిన తెల్లటి రాళ్లు ఎటు చూసినా. "ఇది రైల్వేల పనిచేసే సారు ఇల్లు, అది డాక్టరమ్మ ఇల్లు, గిది బడి" అని మీ కొడుకు ఒక్కో రాయీ చూపిస్తారు. నాకు గడ్డి, మేకలు కనబడతాయి. అయినా తల ఊపుతాను.

నీళ్లకు ట్యాంకరు వస్తుంది. అది వచ్చిందంటే బిందెలు పట్టుకుని ఉరుకుతారు. నేను వెనక నిలబడతాను. చిక్కడపల్లిలో నేను లేచేసరికే బిందెలు నిండి ఉండేవి. నల్లా దగ్గర అంతమంది మధ్య నిలబడటం నాకు భయమని మీకు ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. ఇక్కడ ట్యాంకరు దగ్గర ప్రతిరోజూ మీకు మనసులో దండం పెట్టుకుంటున్నాను.

మీరు ఇప్పుడే రావద్దు. పిక్కల దాకా బురద. కూర్చోవడానికి కూడా జాగ లేదు. అన్నీ కుదిరాక మేమే కబురు పెడతాము.

మాకు ఇంటి నంబరు లేదు. బాలప్ప సిమెంటు దుకాణం అని రాస్తే ఆయన ఇస్తాడు.

వేళకు తినండి. మీ కొడుకు కూడా ఇదే చెప్పమన్నారు.

స్వరూప


అశోక్‌నగర్
21 ఆగస్టు 2012

చిరంజీవి జైపాల్‌కు నాయన కనకయ్య దీవెనలు.

ఉత్తరం అందింది. అక్షరాలు గుండ్రంగా, వరుస తప్పకుండా ఉన్నాయని కోడలికి చెప్పు. ముప్పై ఏళ్లుగా కాగితాలు కుడుతున్నాను, ఎవరి చేతిరాతకు ఎంత ఓపిక ఉందో చూస్తే తెలుస్తుంది.

రావద్దన్నారు కాబట్టి రాను. నా గురించి బెంగ పెట్టుకోవద్దు. చిక్కడపల్లి గది ఖాళీ చేశాను. ఒక్కడికి గది ఎందుకు, కిరాయి ఎందుకు? మన బైండింగ్ దుకాణం పైన అటక ఉంది. కాగితం రీములు ఒక పక్కకు జరిపితే మనిషి పట్టేంత చోటు. సేటు శ్రీరామమూర్తిగారు సరేనన్నారు.

ఇక్కడ ఎప్పటిలాగే ఉంది. హాస్టళ్ల నిండా పిల్లలు. నోట్సు జిరాక్స్ తీయించుకుని నా దగ్గరికి తెచ్చి "తాతా, స్పైరల్ ఏసియ్యి, జర జల్ది" అంటారు. "నౌకరి వచ్చినంక నీకు సూటు కుట్టిస్త తాతా" అని ఒకడు అన్నాడు. వాళ్లందరికీ నౌకరీలు వస్తే నాకు అటక నిండా సూట్లే.

ఈ కాగితం వెనకవైపు ప్రశ్నపత్రం అచ్చయి ఉంటుంది. మిషిన్ తప్పు తీసినవి. ఒకవైపు తెల్లగా ఉన్న కాగితాన్ని పారేయడం నాకు చేతకాదు.

ఇల్లు కట్టేటప్పుడు నీళ్లు బాగా పట్టించు. సిమెంటును ఎండబెట్టకు.

దీన్ని చదివి వినిపిస్తున్నవారికి కూడా నా దీవెన.

కనకయ్య


బాలప్ప సిమెంటు దుకాణం వెనక
30 సెప్టెంబరు 2012

మామగారికి స్వరూప దండాలు.

మీ ఉత్తరం మీ కొడుకుకు చదివి వినిపించాను. "కోడలికి చెప్పు" అని మీరు రాసిన చోట నాకు సిగ్గు ముంచుకొచ్చింది. నా సంగతి నేనే పైకి చదవాలి కదా. అక్కడ గొంతు తగ్గించి గబగబా చదివితే మీ కొడుకు "ఏంది, మింగుతున్నవ్? మల్ల సదువు" అన్నారు. రెండుసార్లు చదివించుకున్నారు. ఆయనకు అది బాగా నచ్చింది.

అటక మాట చదివాక మాత్రం ఇద్దరికీ అన్నం సహించలేదు. మేము వచ్చేసినందుకు మీరు గది వదిలేస్తారని అనుకోలేదు. అటకమీద మీకు నిలువుగా నిలబడటానికి వీలవుతుందా? నేను రావద్దన్నది బురద గురించి మామగారూ. ఇప్పుడు బురద ఎండింది. దసరాకు తప్పకుండా రండి.

ప్రశ్నపత్రం వెనక్కి తిప్పి చదివాను. దేశంలో పొడవైన కాలువ ఏది అని అడిగారు. నాలుగు పేర్లు ఇచ్చారు, జవాబు ఇవ్వలేదు. మా కాలనీలో ఇంకా మోరీ కూడా తవ్వలేదు, నాకేం తెలుస్తుంది? జవాబులున్న కాగితం ఏదైనా తప్పు అచ్చయితే దానిమీద రాయండి.

ఇక్కడ రోజుకొకటి లేస్తున్నది. పోయిన వారం దాకా మేకలు మేసిన చోట ఇప్పుడు పునాదులు. నారాయణగూడ నుంచి ఒకాయన వచ్చి ఇల్లు మొదలుపెట్టారు. వాళ్లావిడ కుర్చీ వేసుకుని కూర్చుని "చిక్కడపల్లి మార్కెట్ల దొరికినట్టు కూరగాయలు ఈడ దొరుకుతయా?" అని నన్నే అడిగింది. నేను చిక్కడపల్లి మార్కెట్టు వెనక గల్లీలోనే ఉన్నానని చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. నవ్వాను.

దారి రాస్తున్నాను. ఉప్పల్‌లో బస్సు మారండి. మేడిపల్లి దాటి కమాను దగ్గర దిగండి. లోపలికి నడిస్తే ఎర్ర ఇసుక కుప్ప కనబడుతుంది, చాలా పెద్దది, తప్పిపోదు. అక్కడ ఎడమకు తిరిగితే నీలం టార్పాలిన్ కప్పిన ఇటుకల గుట్ట. దాని పక్కన మనం. ఎవరినీ అడగనక్కర లేదు.

సర్వపిండి చేసి పెడతాను. మీకు ఇష్టమో కాదో నాకు తెలియదు. ఎప్పుడు ఏది పెట్టినా మీరు తొందరగా తిని బయటికి వెళ్లిపోయేవారు.

స్వరూప


అశోక్‌నగర్
4 నవంబరు 2012

చిరంజీవి జైపాల్‌కు దీవెనలు.

దసరాకు రాలేకపోయాను. పని ఎక్కువగా ఉంది. పిల్లలకు పరీక్షలు దగ్గర పడ్డాయి.

నేను ఇక్కడే బాగున్నాను. లైబ్రరీ మెట్ల మీద సాయంత్రం కూర్చుంటే అందరూ పలకరిస్తారు. ఈ వయసులో కొత్త చోట దారులు వెతుక్కోవడం కష్టం. మీరిద్దరూ చల్లగా ఉండండి.

వెనక ఉన్నది భూగోళం. జవాబులు లేవు.

కనకయ్య


కొత్త వెంచరు
9 డిసెంబరు 2012

మామగారికి స్వరూప రాస్తున్నది.

ఈ ఉత్తరం రాయడానికి చేతులు రావడం లేదు. మీరు దసరా రోజు వచ్చారు.

మూల మీద నర్సింహమ్మ అని ఒకామె కిరాణా డబ్బా పెట్టుకుంది. నిన్న ఉప్పు కోసం వెళితే వేరే ఎవరితోనో నవ్వుకుంటూ చెబుతున్నది. "దసరా నాడు ఓ పెద్దమనిషి, సంకల గుడ్డ సంచి. ఇసుక కుప్ప ఏడుంది అవ్వా అని అడుగుతడు. ఏ ఇసుక కుప్పనయ్యా? అది అపార్ట్‌మెంటై మూడో అంతస్తుకు ఎక్కె! ఇటుకల గుట్ట ఏడ అన్నడు. అది గూడ గోడై పాయె. ఇసుక కుప్పను అడ్రస్ చెప్పిన తెలివిగల్లోళ్లు ఎవరో! పండుగ గదా, పాపం, నా చేతుల జమ్మి ఆకు పెట్టి, దండం పెట్టి వాపసు పోయిండు."

ఆ తెలివిగలదాన్ని నేనే అని చెప్పలేదు. ఉప్పు మరచిపోయి ఇంటికొచ్చి ఏడ్చాను. సర్వపిండి పెనం మీద పెట్టుకుని, మీరు రాలేదని ఆ రోజంతా మేమిద్దరం వాకిలి చూస్తూ కూర్చున్నాం. మీరు రెండు గల్లీల అవతల తిరుగుతున్నారు.

మా ఊళ్లో చింతచెట్టు దగ్గర తిరుగు అంటే నూరేళ్లయినా ఆ చింతచెట్టు దగ్గరే తిరగవచ్చు. ఇక్కడ నెల తిరగకముందే కుప్ప ఇల్లవుతుందని నాకు తెలియలేదు. తప్పు నాది. మీ కొడుకును ఏమీ అనవద్దు. ఆయన నన్ను ఏమీ అనలేదు. "నాయిన గట్లనే, మల్ల ఎవల్నీ అడగడు" అని మాత్రం అన్నారు. తర్వాత బాలప్ప దుకాణానికి వెళ్లి, ఇసుక కుప్ప ఉన్న చోట ఎవరైనా జైపాల్ మేస్త్రి అని అడిగితే చూపించమని వాచ్‌మన్‌తో సహా అందరికీ చెప్పి వచ్చారు.

ఇప్పుడు మంచి మాట రాస్తాను. వెనక రెండో గది లేస్తున్నది. అది మీది. గోడలు కిటికీ దాకా వచ్చాయి. రోజూ పొద్దున, సాయంత్రం నేనే నీళ్లు పడుతున్నాను, మీరు చెప్పినట్టు సిమెంటు ఎండకుండా. ఆ గదికి దర్వాజ వేరే, గల్లీ దిక్కు. మా గదికీ మీ గదికీ మధ్య గోడకు దర్వాజ లేదు. అట్లా పెట్టించమని నేనే అడిగాను. ఎందుకో మీకు చెప్పనక్కర లేదు, మీకే అర్థమవుతుంది.

గది అయ్యాక అటక వదిలి రండి. ఉగాదికి అవుతుంది.

మీ దీవెన కోరే
స్వరూప


అశోక్‌నగర్
20 డిసెంబరు 2012

చిరంజీవి జైపాల్‌కు.

ఉత్తరం అందింది. అర్థమైంది.

వేరే దర్వాజ మంచిదే. ఎవరి సంసారం వారిది. నేను ఏమీ అనుకోవడం లేదు, పెద్దవాడిగా నేనే ముందు అనవలసిన మాట. ఆ గది కిరాయికి ఇవ్వండి. ఆ వైపు పనికి వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. మీకు ఆసరా అవుతుంది.

నన్ను అటక దింపవద్దు. నాకు ఇది అలవాటైంది.

ఒక్కటే అడుగుతున్నాను. మీ అమ్మ ఈదమ్మ ఫోటో ఎవరైనా అశోక్‌నగర్ వైపు వచ్చేవాళ్లుంటే వాళ్లతో పంపించు. అద్దం పగలకుండా గుడ్డ చుట్టమను.

కోడలికి ఏ లోటూ రాకుండా చూసుకో. మెత్తని పిల్ల.

కనకయ్య


కొత్త వెంచరు
6 జనవరి 2013

మామగారికి,

ఇది మీ కొడుకు రాయమన్న ఉత్తరం కాదు. ఆయన నారాయణగూడ వాళ్ల ఇంటికి మెట్ల టైల్స్ వేయడానికి వెళ్లారు. నేను ఒక్కదాన్నే కూర్చుని నా అంతట నేను రాస్తున్నాను.

మీ ఉత్తరం చదువుతూ ఫోటో మాట దగ్గరికి వచ్చేసరికి చదవడం ఆపేశాను. మీ కొడుకు లేచి వెళ్లి ఫోటో అద్దం తుడిచారు. తర్వాత "నాయిన వేరు వడ్డమనుకుంటున్నడు" అన్నారు. నాకు అర్థం కాలేదు. "మా దిక్కు అన్నదమ్ములు వేరు వడ్డ రోజే ఇంటికి ఇంకో దర్వాజ కొడ్తరు. వేరే దర్వాజ అంటే వేరే ఇల్లు అన్నట్టే. నీకు ఎరుక లేదా?" అన్నారు. అప్పుడు తెలిసింది. మా ఇంట్లో మా నాయిన ఒక్కడే కొడుకు, అక్కడ ఎవరూ వేరు పడలేదు. అయినా నాకు ఆ ఆలోచన రావలసింది. "నువ్వెందుకు అడిగినవు మరి వేరే దర్వాజ? నేను గూడ అడగకుండనే పెట్టిన" అన్నారు. ఆయనకు చెప్పలేకపోయాను. మీకు చెబుతాను. ఎదురుగా లేరు కాబట్టి చెప్పగలను.

చిక్కడపల్లి గదికి ఒకటే దర్వాజ. నేను స్నానం చేయాలన్నా, బట్టలు మార్చుకోవాలన్నా, ఒంట్లో బాగాలేక కాసేపు పడుకోవాలన్నా మీరు బయట ఉండాలి. నేను ఎప్పుడూ అడగలేదు. మీరే వెళ్లిపోయేవారు. వచ్చేటప్పుడు గల్లీ మలుపు దగ్గరే గట్టిగా గొంతు సవరించుకునేవారు, నేను కొంగు సర్దుకోవడానికి. ఒకసారి వానాకాలంలో మీ కొడుకు పని నుంచి రాలేదు. నాకు జ్వరం. మీరు దుకాణం నుంచి వచ్చి, నేను పడుకుని ఉన్నానని దర్వాజ సందులో నుంచి చూసి, వెనక్కి వెళ్లి కూరగాయల దుకాణం పట్టా కింద నిలబడ్డారు. కిటికీలో నుంచి నేను చూస్తూనే ఉన్నాను. పట్టా మీది నీళ్లు మీ భుజం మీద పడుతున్నాయి. లోపలికి రండి అని అనాలి. నోరు రాలేదు. లేచి కూర్చుంటే వస్తారేమో అని కూర్చున్నాను. కరెంటు లేదు, లాంతరు పెద్దది చేశాను. మీరు చూడలేదు. మీ కొడుకు వచ్చినాకనే ఇద్దరూ కలిసి లోపలికి వచ్చారు. మీ చొక్కా పిండితే నీళ్లు కారాయి.

మా నాయిన మంచివాడే. కాని నా కోసం అట్లా నిలబడిన మనిషి ఎవరూ లేరు. ఆ రోజే అనుకున్నాను, ఎప్పుడైనా మనకు ఒక ఇల్లు అంటూ అయితే మీకు ఎవరి కోసమూ ఆగక్కర లేని దర్వాజ ఒకటి ఉండాలని. మీకు ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు రావాలి, గొంతు సవరించుకోకుండా. పగలు పడుకోవాలంటే పడుకోవాలి. అందుకే గల్లీ దిక్కు పెట్టమన్నాను. పొయ్యి ఒకటే మామగారూ. రెండో పొయ్యి నేను పెట్టలేదు, పెట్టను.

ఇంకొకటి కూడా అడుగుతాను. మీరు అన్నం తొందరగా తిని వెళ్లిపోయేవారు. నా వంట మీకు పట్టేది కాదేమో అని రెండేళ్లు అనుకున్నాను. కారం తగ్గించి చూశాను, పెంచి చూశాను. పళ్లెం దగ్గర మీరు ఏమీ అనేవారు కాదు. ఇప్పుడైనా చెప్పండి, మార్చుకుంటాను.

అత్తమ్మ ఫోటో పంపను. మీ మాట కాదంటున్నందుకు కోపం తెచ్చుకున్నా సరే. ఫోటో మీ గదిలో గోడకు మేకు కొట్టి పెట్టాను. గోడ ఇంకా పచ్చిగా ఉంది, రంగు వేయలేదు. కావాలంటే మీరే వచ్చి చూడండి.

ఏదైనా తప్పు రాసి ఉంటే చదువు తక్కువదాన్నని మన్నించండి.

మీ కోడలు
స్వరూప


అశోక్‌నగర్
3 ఫిబ్రవరి 2013

అమ్మా స్వరూపా,

ఈసారి జైపాల్‌కు రాయలేదు. వాడికి చదవడం రాదని తెలిసి కూడా ఇన్నాళ్లూ వాడి పేరు పెట్టి రాశాను. మామ కోడలికి ఉత్తరం రాయవచ్చా, రాస్తే ఎట్లా మొదలుపెట్టాలి అని స్పైరల్ కోసం వచ్చిన ప్రేమ్‌సాగర్‌ను అడిగాను. గ్రూప్ టూ చదువుతున్న పిల్లవాడు. "గది సిలబస్‌ల లేదు తాతా" అన్నాడు. తర్వాత తల గోక్కుని "బిడ్డకు ఎట్ల రాస్తరో గట్లనే రాయి" అన్నాడు. అందుకని అట్లా మొదలుపెట్టాను.

నీ ఉత్తరం అటక మీద చదవలేదు. అక్కడ దీపం సరిగ్గా ఉండదు. లైబ్రరీ మెట్ల మీద చదివాను. పక్కన పిల్లలు కరెంట్ అఫైర్స్ బట్టీ పడుతున్నారు. ఒకడు "ఏమైంది తాతా, రిజల్ట్ వచ్చిందా?" అన్నాడు. వచ్చిందన్నాను.

దర్వాజ సంగతి చెబుతాను. నాకు నీ అంత వయసు ఉన్నప్పుడు మా అన్నా నేనూ వేరుపడ్డాము. పొద్దున్నే మేస్త్రి వచ్చి గోడ పగలగొట్టాడు. సాయంత్రానికి రెండో దర్వాజ. మా అమ్మ ఆ రోజు రెండిటి మధ్య నేల మీద కూర్చుని, ఏ దర్వాజలో నుంచి పిలుస్తారో అని చూస్తూ ఉన్నది. మేము ఇద్దరమూ పిలిచాము. అయినా ఆమె లేవడానికి చాలాసేపు పట్టింది. నీ ఉత్తరంలో "వేరే దర్వాజ" అన్న మాట చూడగానే నేను ఆమె కూర్చున్న చోట కూర్చున్నాను. తర్వాత నువ్వు రాసినవేవీ నాకు కనబడలేదు. ఎందుకో మీకే అర్థమవుతుంది అన్నావు. నాకు అర్థమైంది అదే.

దసరా రోజు కూడా అంతే. ముందే రావద్దన్నారు, ఇప్పుడు దారి కూడా లేదు అనుకున్నాను. ఆ కిరాణా ఆమెను జైపాల్ పేరో, బాలప్ప దుకాణం పేరో చెప్పి అడిగితే అయిపోయేది. అడిగితే ఆమె చూపించి, మీరు మొహమాటానికి లోపలికి పిలుస్తారేమో అని భయపడ్డాను. పెద్దవాళ్ల బుద్ధి ఇట్లా ఉంటుంది. నువ్వు నేర్చుకోకు.

నేను బయట కూర్చోవడం గురించి అంత బరువు పెట్టుకున్నావు. అది కష్టమని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఈదమ్మ పోయాక నాలుగేళ్లు ఆ గదికి తాళం వేసుకుని తిరిగాను. నువ్వు వచ్చినాక, బయట ఎంతసేపు ఉన్నా లోపల దీపం వెలిగేది. గల్లీ మలుపు దగ్గర నిలబడి ఆ వెలుగు చూసుకునేవాడిని. వానలో తడిసిన రోజు నువ్వు లాంతరు పెద్దది చేయడం చూశాను. చూసీ రాలేదు. జ్వరంతో ఉన్న ఆడపిల్ల నన్ను చూసి లేచి నిలబడుతుందని.

వంట సంగతి. నేను తినేదాకా నువ్వు తినవు. నేను ఎంత ఆలస్యం చేస్తే నీకు అంత ఆకలి. అందుకే తొందరగా తిని బయటికి పోయేవాడిని. నేను మలుపు తిరగగానే నీ పళ్లెం చప్పుడు వినబడేది. నీ వంటలో మార్చవలసింది ఏమీ లేదు. కారం నువ్వు పెంచిన వారం బాగుంది, తగ్గించిన వారం కూడా బాగుంది. ఎందుకు మారుతున్నదో మాత్రం తెలిసేది కాదు. మిరపకాయల రేటు అనుకున్నాను.

ఇంక అసలు మాట. గల్లీ దర్వాజ తీయించకు. ఉండనీ. నువ్వు అడిగి పెట్టించిన దాన్ని నేను మూయించను. పొద్దున్నే ట్యాంకరు దగ్గరికి బిందెలు తీసుకుపోవడానికి అదే నాకు దగ్గర దారి. ట్యాంకరు దగ్గర నువ్వు నిలబడొద్దు.

కాని మధ్య గోడకు కూడా ఒక దర్వాజ పెట్టమని జైపాల్‌కు చెప్పు. చిన్నదైనా సరే. దానికి గొళ్లెం నీ దిక్కు పెట్టించు. నీకు ఎప్పుడు వేసుకోవాలనిపిస్తే అప్పుడు వేసుకో, ఎవరినీ అడగకుండా. నా దిక్కు గొళ్లెం వద్దు.

సేటుగారికి చెప్పాను. ఈ పరీక్షల పని అయ్యాక వస్తాను. ఆయన "ఈ వయసుల ఊరవతలకు పోయి ఏం జేస్తవు కనకయ్యా?" అన్నారు. కోడలు గోడకు నీళ్లు పడుతున్నదండీ అన్నాను. ఆయనకు అర్థమైందో లేదో.

కనకయ్య


కొత్త వెంచరు
31 మార్చి 2013

మామగారికి స్వరూప దండాలు.

మీ ఉత్తరం మీ కొడుకుకు మొత్తం చదివి వినిపించలేదు. కొంత నేను ఉంచుకున్నాను. ఆయన అడిగితే "నాకు రాసిన్రు" అన్నాను. "అబ్బో" అన్నారు. దర్వాజ మాట మాత్రం చెప్పాను.

"కట్టేటప్పుడే చెప్పొచ్చు గద ఇద్దరూ! ప్లాస్టరింగ్ అయినంక గోడ కోయమంటరు. మీ ఇద్దరి మర్యాదకు నా నడుం పోతున్నది" అని గొణుగుతూనే కోశారు. ఇల్లంతా దుమ్ము. అత్తమ్మ ఫోటో మీద కూడా పడితే తుడిచాను. చౌకట్టు బాలప్ప ఇచ్చాడు. తలుపు కొంచెం పొట్టి, మీరు తల వంచి రావాలి.

రంగు నేనే వేశాను. లేత పచ్చ. మీ గదిలో దీపం తలగడ వైపు పెట్టించాను, చదువుకోవడానికి.

ఇసుక కుప్పల మాట ఇక ఎత్తను. వచ్చే ఆదివారం పొద్దున కమాను దగ్గర మీ కొడుకు నిలబడి ఉంటారు. నేను కూడా వస్తాను. మాట్లాడలేకపోతే ఏమీ అనుకోవద్దు. సంచి నాకు ఇవ్వండి, నేను మోస్తాను.

ఇంకొక సంగతి. తలుపు బిగించాక మీ కొడుకు గొళ్లెం చేతిలో పట్టుకుని "ఏ దిక్కు కొట్టాలె?" అని అడిగారు. మన స్నానాల గది తలుపుకు ఇన్నాళ్లూ గొళ్లెం లేదు, తాడు కట్టుకుంటున్నాము. దానికి కొట్టమన్నాను. మధ్య దర్వాజకు ఏ దిక్కూ పెట్టించలేదు.

మీ కోడలు
స్వరూప